మగ్గం పెంచే ముందు కరెంటు లెక్క


టవల్ ఆర్డర్లు వస్తే ఇంకో నాలుగు మగ్గాలు వేద్దామనుకుంటాం. మగ్గం ధర, నూలు ధర ముందే అడుగుతాం. కరెంటు లెక్క మాత్రం బిల్లు వచ్చాకే చూస్తాం.

మహారాష్ట్రలో పవర్‌లూమ్ టారిఫ్ వేరు. అందులో 20 కిలోవాట్లు, అంటే సుమారు 27 హెచ్‌పీ, ఒక గీత. మంజూరైన లోడ్ దాని లోపల ఉంటే కనెక్షన్‌కు నెలకింత అని స్థిర చార్జీ. దాటితే కేవీఏకు ఇంత అని డిమాండ్ చార్జీ. మగ్గాలు ఆగిన నెలలో కూడా అందులో కొంత కట్టాల్సిందే. యూనిట్లూ కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు కాబట్టి కెపాసిటర్ పాడైతే బిల్లు పెరుగుతుంది. సబ్సిడీ కూడా మారుతుంది.

మోటారు 1 హెచ్‌పీ అనుకుంటే, 24 మగ్గాలకు నాలుగు కలిపితే 28. గీత దాటినట్టే. బాబిన్ మోటార్లు, లైట్లు వేరే.

ఏడాదంతా పని ఉన్నవారు దాటినా గిట్టుబాటవుతుంది. సీజన్‌కే నడిపేవారు ఉన్న మగ్గాల మీద ఇంకో షిఫ్ట్ వేసుకోవడమే మేలని మా అభిప్రాయం.

బిల్లు మరాఠీలో వస్తుంది, మన పెద్దల లెక్కలు తెలుగులో నడుస్తాయి. కాబట్టి 12 నెలల బిల్లులు సంఘానికి తెండి, కూర్చుని చూద్దాం. మగ్గానికి అప్పు చేయకముందే తెండి.