పాత రివాల్వరుకు గిట్టుబాటు ధర ఎంత?
వారసులకు తెలియని హక్కు - దళారులకు లాభం

లైసెన్సుదారు కాలం చేసిన ఇంట్లో మిగిలిన రివాల్వరు వారసులకు పెద్ద చిక్కు. కొడుకులకు లైసెన్సు ఉండదు. ఇంట్లో ఉంచుకుంటే నేరం. ఆ భయం చూసి దళారి ఇనుము ధర చెబుతాడు. "విదేశీ సరుకు, లక్షలు పలుకుతుంది" అని బంధువులు ఆశ పెడతారు. రెండింటిలోనూ నిజం సగమే.

విదేశీ రివాల్వరుకు గిరాకీ రావడానికి కారణం దాని గొప్పతనం ఒక్కటే కాదు. 1980ల మధ్య నుండి సామాన్య లైసెన్సుదార్లకు విదేశీ ఆయుధాల దిగుమతి దాదాపు నిలిచిపోయింది. అప్పటికే దేశంలో ఉన్న వెబ్లీ, స్మిత్ అండ్ వెస్సన్ వంటివే చేతులు మారుతూ ధర పెరిగాయి. సరుకు కరువైతే ధర పెరగడం ఉల్లిగడ్డల విషయంలో రైతులెరిగినదే.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం నుండి .32 బోరు రివాల్వర్లు వస్తూనే ఉన్నాయి. 2014లో వచ్చిన 'నిర్భీక్' ధర అప్పట్లోనే సుమారు రూ. 1.22 లక్షలు. 2023లో గుండ్ల చక్రం పక్కకు తెరుచుకునే 'ప్రబల్' వచ్చింది. వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో తయారీ మొదలయింది. కొనేవారి సంఖ్య కూడా తగ్గింది. 2019 సవరణ చట్టం ఒక్కొక్కరు ఉంచుకోదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది. మూడోదాన్ని వదిలించుకోక తప్పలేదు. అయితే 2025 సెప్టెంబరు 22 నుండి రివాల్వర్లపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 40 శాతానికి పెరిగింది. కొత్తది ప్రియమైతే పాతదానికి బేరం వస్తుంది.

ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టే ఇక్కడా చూడవలసినవి ఉన్నాయి. మొదటిది బోరు. దానికి సరిపడే తూటాలు అంగట్లో దొరకకపోతే ఎంత పేరున్న రివాల్వరైనా గోడకు తగిలించే బొమ్మే. .32కు దొరుకుతాయి కాబట్టి దానికే గిరాకీ. నిషిద్ధ బోరు అయితే సామాన్య లైసెన్సుదారు కొనలేడు. తరువాత గొట్టం లోపలి గాళ్లు. తుప్పు తిని గుంటలు పడితే గురి నిలవదు. గుర్రం వెనక్కు లాగినపుడు గుండ్ల చక్రం గట్టిగా నిలవాలి, ఊగరాదు. పైకి నిగనిగలాడే రంగును నమ్మరాదు. తుప్పును కప్పడానికి కొత్తగా పూత పూయించినవి ఉంటాయి. ఈ పరీక్ష లైసెన్సు డీలరు దగ్గర, తూటాలు తీసిన తరువాతే జరగాలి. ఒక డీలరు మాటతో సరిపెట్టుకోక ఇద్దరు ముగ్గురిని అడగడం మేలు. ఆయుధంపై నంబరు లైసెన్సులో రాసిన నంబరుతో కలవాలి. నంబరు చెరిపినదానికి ధర కాదు, జైలే.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉన్నది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేని ఆయుధాన్ని జాప్యం చేయక పోలీసు స్టేషనులో గాని లైసెన్సు డీలరు వద్ద గాని అప్పగించాలి. అప్పగించినంత మాత్రాన హక్కు పోదు. అర్హత ఉన్నవారికి అమ్మి సొమ్ము తీసుకునే హక్కు వారసులదే. వారసుడే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా. గడువులోగా ఏదీ చేయకపోతే ఆయుధం ప్రభుత్వపరం అవుతుంది. దళారి భయపెట్టేది ఈ గడువు చూపే. అప్పగించినట్టు రసీదు తీసుకోనివారు తరువాత ఏమీ చేయలేరు. నూనె, తుడుపు లేకుండా ఏళ్ల తరబడి పడి ఉన్న ఆయుధం విలువ గదిలోనే కరిగిపోతుంది కూడా.

బతికున్న లైసెన్సుదారు తన ఆయుధాన్ని మరో లైసెన్సుదారుకు అమ్మదలిస్తే జిల్లా మేజిస్ట్రేటుకు గాని సమీప పోలీసు స్టేషను అధికారికి గాని ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఈ లోగా చేతులు మార్చితే ఇద్దరూ చిక్కుతారు. డెబ్బయి ఏళ్లు నిండినా, 25 ఏళ్లు ఆయుధం ఉంచుకున్నా, బతికుండగానే వారసునికి బదలాయించమని కోరే వీలు 2016 నిబంధనలలో ఉన్నది. పెద్దాయన ఓపికగా ఉన్నప్పుడే ఆ దరఖాస్తు పెడితే ఇంటివారికి దళారితో పని పడదు.