ఆ ఆరు పాయింట్లకు బదులుగా రోగికి ఏం దక్కింది?

కొత్త యాంటీబయాటిక్‌ వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు వినిపిస్తాయి. పాత మందుతో సమానమని తేలింది కదా అంటుంది కంపెనీ. మెరుగని తేల్చనప్పుడు రోగుల మీద ప్రయోగాలెందుకని నిలదీస్తారు ఆరోగ్య కార్యకర్తలు. అసలు ప్రశ్న ఇద్దరికీ పట్టలేదు. నాన్‌ ఇన్‌ఫీరియారిటీ ట్రయల్‌ రెండు మందులు సమానమని తేల్చదు. కొత్తది పాతదానికంటే ఎంత వెనకబడితే సరిపెట్టుకోవచ్చో ముందే హద్దు గీసుకుని, ఆ హద్దు దాటలేదని చూపిస్తుంది, అంతే. ఆ హద్దే మార్జిన్‌. దాన్ని ఎవరు గీశారు? అంత వదులుకున్నందుకు రోగికి ఏమిస్తున్నారు? ఈ రెండింటికీ ప్రోటోకాల్‌లో బహిరంగంగా జవాబు చెప్పని ట్రయల్‌కు మన దేశంలో అనుమతి ఇవ్వకూడదు.

దీనికి అమెరికా మార్గదర్శకాలు తిరగేయనక్కర్లేదు. చెన్నై చెట్‌పట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ గతాన్ని చూస్తే చాలు. ఐసీఎంఆర్‌, మద్రాసు ప్రభుత్వం, బ్రిటన్‌ మెడికల్‌ రీసెర్చ్‌ కౌన్సిల్‌, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1956లో పెట్టిన క్షయ కీమోథెరపీ కేంద్రమే అది. క్షయ వస్తే మదనపల్లె ఆరోగ్యవరంలోనో తాంబరంలోనో మంచం దొరకాలని కుటుంబాలు పడిగాపులు పడిన రోజులవి. ఆ కేంద్రంలో వాలెస్‌ ఫాక్స్‌ బృందం 193 మంది పేద రోగులను యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి, సగం మందిని శానటోరియంలో ఉంచింది, సగం మందికి ఇంటి దగ్గరే వైద్యం చేసింది. అందరికీ ఏడాదిపాటు ఐసోనియాజిడ్‌, పాస్‌ అనే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. వ్యాధి అణిగినవారు శానటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం.

ఈ 92, 86 అంకెలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. ‘ఇల్లయినా శానటోరియమైనా ఒకటే అని మద్రాసు తేల్చింది’ అని ముగించేస్తారు. ఒకటే అని తేలలేదు. ఆరు పాయింట్లు తగ్గింది. ఇంత చిన్న ట్రయల్‌లో ఆరు పాయింట్ల తేడా అంటే, ఇప్పటి గణాంక పద్ధతి ప్రకారం నిజమైన తేడా 15 దాకా ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. ఇవాళ యాంటీబయాటిక్‌ ట్రయల్స్‌లో వాడుక అయిపోయిన 10 పాయింట్ల మార్జిన్‌తో కొలిస్తే, ప్రపంచమంతటా శానటోరియంల అవసరాన్ని తీసేసిన ఆ ట్రయల్‌ తప్పుతుంది.

అయినా ఆనాటి నిర్ణయం సరైనదే. ఆ ఆరు పాయింట్లకు బదులుగా దక్కిందేమిటో కళ్లముందే ఉంది. తల్లి పిల్లల్ని విడిచి నెలల తరబడి వెళ్లనక్కర్లేదు. మంచం దొరకని లక్షల మందికి చికిత్స అందుతుంది. ఇంట్లోవాళ్లకు వ్యాధి అంటుకుంటుందన్న భయం నిజమా కాదా అని ఐదేళ్లు వాళ్లను పరీక్షిస్తూ వచ్చారు. శానటోరియం రోగుల కుటుంబాల కంటే ఎక్కువ ముప్పేమీ కనిపించలేదు. రోగులు మాత్రలు మింగుతున్నారో లేదో చూడడానికి చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించారు. ఈ జాగ్రత్త ఎంత ముఖ్యమో చాలామంది గుర్తించరు. మామూలు ట్రయల్‌ను అలసత్వంగా నడిపితే మందుకు గుణం కనబడక కంపెనీయే నష్టపోతుంది. నాన్‌ ఇన్‌ఫీరియారిటీ ట్రయల్‌లో అలా కాదు. రోగులు మందు మానేసినా, జబ్బు సరిగా నిర్ధారించకపోయినా రెండు గుంపులూ ఒకేలా కనిపిస్తాయి, మందు గట్టెక్కుతుంది. పోల్చడానికి ఎంచుకున్న పాత మందుకు ఇక్కడి బ్యాక్టీరియా లొంగకపోయినా అంతే. పనిచేయని మందు పక్కన నిలబెడితే ఏ మందైనా తీసిపోదు.

ఎంతకాలం చూశారన్నది ఇంకో సంగతి. ఇదే చెన్నై సంస్థ టీబీ చికిత్సను ఆరు నెలల నుంచి నాలుగుకు తగ్గించవచ్చా అని గాటిఫ్లాక్సాసిన్‌, మాక్సిఫ్లాక్సాసిన్‌లతో పరీక్షించింది. చికిత్స ముగిశాక మరో 24 నెలలు రోగులను గమనించాలని ముందే పెట్టుకుంది. గాటిఫ్లాక్సాసిన్‌ తీసుకున్నవారిలో 15 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, పాత పద్ధతిలో 6 శాతం. పర్యవేక్షక కమిటీ సలహాతో ట్రయల్‌ను మధ్యలోనే ఆపి, 2013లో ఆ సంగతి ప్రచురించారు. కోర్సు అయిపోయిన రోజునే లెక్క మూసేసి ఉంటే ఇది బయటపడేదే కాదు.

మార్జిన్‌ను సగానికి తగ్గిస్తే రోగుల సంఖ్య నాలుగింతలు కావాలి, ఖర్చు పెరుగుతుంది, కొత్త యాంటీబయాటిక్‌లే రావు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. అందుకే నేను అన్ని ట్రయల్స్‌కూ చిన్న మార్జిన్‌ పెట్టమనడం లేదు, కారణం రాయమంటున్నాను. ఆసుపత్రిలో సోకే నిమోనియాలో మరణాల లెక్కకు కూడా 10 పాయింట్ల మార్జిన్‌ చెల్లుతోంది. వందమందిలో పది ప్రాణాల దాకా ఎందుకు సరిపెట్టుకోవచ్చో రోగి బంధువుకు అర్థమయ్యేలా చెప్పలేని ఎథిక్స్‌ కమిటీ ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

చెన్నైకి చెందిన ఆర్కిడ్‌ కనిపెట్టిన ఎన్‌మెటాజోబ్యాక్టమ్‌నే తీసుకోండి. సెఫిపైమ్‌తో కలిపి తీవ్రమైన మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లలో 10 పాయింట్ల మార్జిన్‌తో పరీక్షించారు. అది 79 శాతం మందిలో పనిచేసి, 59 శాతం దగ్గర ఆగిన పాత మందును దాటిపోయింది. గర్వించదగ్గ ఫలితం. అయితే రెంటిలో ఏ మందుకైనా లొంగని బ్యాక్టీరియా ఉన్న రోగులను ఆ ప్రధాన లెక్కలోంచి తీసేశారు. మందు పుట్టింది చెన్నైలో, పరీక్ష జరిగిన దేశాల్లో భారత్‌ లేదు. మన వార్డుల్లో డాక్టర్లు రోజూ తలపట్టుకునేది అలాంటి మొండి బ్యాక్టీరియాతోనే.

ఇక్కడ పరీక్షించకుండానే మందును తెచ్చే దారి ఇప్పుడు ఇంకా సులువైంది. అమెరికా, బ్రిటన్‌, జపాన్‌, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా యూనియన్‌ ఆమోదించిన కొన్ని రకాల మందులకు ఇక్కడ ట్రయల్‌ అక్కర్లేదని 2024 ఆగస్టులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ప్రస్తుత చికిత్స కంటే గణనీయంగా మెరుగైనవి అందులో ఒక రకం. పదికి మించి వెనకబడలేదని మాత్రమే చూపిన యాంటీబయాటిక్‌ ఏ లెక్కన మెరుగైనది? ఆ మినహాయింపు కోరే ప్రతి దరఖాస్తులో డ్రగ్‌ కంట్రోలర్‌ నాలుగు సంగతులు అడిగి వెబ్‌సైట్‌లో పెట్టాలి: మార్జిన్‌ ఎంత, ఎందుకంత, పోల్చిన మందు మన ఆసుపత్రుల్లో ఇంకా పనిచేస్తోందా, చికిత్స ముగిశాక రోగులను ఎన్నాళ్లు చూశారు. 1959లో మద్రాసు పేద రోగుల విషయంలో వచ్చిన అంకెలను అచ్చువేసి ప్రపంచం ముందు పెట్టారు. 92ను 92గా, 86ను 86గా. అరవై ఏళ్లు దాటాక, కంప్యూటర్లు, చట్టాలు, కమిటీలు అన్నీ ఉండి, అంతకంటే తక్కువ చెప్పే హక్కు ఏ కంపెనీకీ ఏ అధికారికీ లేదు.