ఐడిల్ స్క్రూ చేసే మోసం

మా నాన్న ఆమ్నీ వ్యాన్ నాకంటే పెద్దది. కార్బ్యురేటర్ బండి, 796 సీసీ, మూడు సిలిండర్లు. తెల్లారుజామున నాలుగింటికే కూరగాయల బస్తాలతో రైతుబజారుకి బయల్దేరాలి. ఈ ఏడాది కొత్త పేచీ మొదలైంది. రోడ్డు మీద బాగానే పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఊగి ఊగి ఇంజన్ ఆగిపోతుంది. వెనకాల లారీల హారన్లు.

మెకానిక్ ఐడిల్ స్క్రూ అరచుట్టు బిగించాడు. ఆగడం తగ్గింది, పెట్రోలు ఖర్చు పెరిగింది. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ, మళ్లీ అరచుట్టు. "పాతబడింది కదరా, అమ్మేద్దాం" అన్నాడు నాన్న.

పాతబడటం రోగం కాదని నా వాదన. రోగం వేరే ఉంటుంది, స్క్రూ దాన్ని కప్పెడుతుంది.

ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువగా ఉంటుంది. ఎక్కడైనా రబ్బరు గొట్టం చిట్లితే అక్కణ్ణుంచి కార్బ్యురేటర్ లెక్కలో లేని గాలి దూరుతుంది, పెట్రోలు పాలు తగ్గుతుంది. స్పీడులో ఇంజన్ పీల్చే గాలి ముందు ఆ లీకు ఏపాటిది? అందుకే రోడ్డు మీద బండి బుద్ధిగా ఉంటుంది.

సెలవుల్లో ముందు సీటు ఎత్తాను (ఆమ్నీలో ఇంజన్ ఉండేది దాని కిందే). చోక్ కాస్త లాగితే ఊగడం తగ్గింది. అంటే పెట్రోలు చాలట్లేదు. అయితే ఎక్కడో గాలి లీకు, లేదంటే ఐడిల్ జెట్‌లో చెత్త. వాక్యూమ్ గొట్టాలను మానిఫోల్డ్ దగ్గర ఒక్కోటీ వేళ్లతో నొక్కుతూ పోయాను. ఒకటి నొక్కగానే ఇంజన్ కుదురుకుంది. అవతలి కొసన రబ్బరు ఎండి చిట్లి ఉంది. కొత్త గొట్టం వంద రూపాయల లోపే. అది వెయ్యగానే ఇంజన్ గోల పెట్టింది, అన్నాళ్లూ బిగించిన స్క్రూ అంతా వెనక్కి తిప్పాల్సొచ్చింది.

మెకానిక్‌ని తప్పుపట్టను. పొద్దున్నే పది బళ్లు వరసలో ఉంటే గొట్టాలు నొక్కుతూ ఎవరు కూర్చుంటారు? నా కోపం మన మీదే. కార్బ్యురేటర్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఇంట్లో ఉన్న బండి సీటు మూడో ఏడాది దాకా ఎత్తలేదు. ఇప్పుడన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే కదా అంటారు మనవాళ్లు. వాటికీ థ్రాటిల్ బాడీలో మసి పడుతుంది, గొట్టాలు చిట్లుతాయి.

బండి అమ్మే మాట మళ్లీ రాలేదు. నాన్న మాత్రం సిగ్నల్ దగ్గర ఇప్పటికీ యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యడు. చెప్పి చూశాను, వినడు.