పందెం ఒకరిది, చెల్లింపు మరొకరిది

పందెం కాయడం క్రైస్తవ విశ్వాసంతో పొసగుతుందా అన్న ప్రశ్నకు బైబిల్ ఒక్క వాక్యంలో జవాబు చెప్పదు. దొంగతనం, అబద్ధ సాక్ష్యం, పొరుగువాని సొత్తుపై ఆశ కూడదని పది ఆజ్ఞలు సూటిగా చెబుతాయి. జూదం పేరు వాటిలో లేదు. జూదమనగానే తెలుగువారికి ధర్మరాజు, ఆ నిండుసభ కళ్లముందు మెదులుతాయి. బైబిల్లో అంత పెద్ద జూదసభ లేకపోయినా పందెం కథ ఒకటుంది. న్యాయాధిపతుల గ్రంథం 14వ అధ్యాయంలో సమ్సోను తన పెళ్లివిందులో 30 మంది ఫిలిష్తీయ యువకులకు పొడుపుకథ వేస్తాడు. ఓడినవారు 30 నారబట్టలు, 30 దుస్తులు ఇవ్వాలని పందెం. వాళ్లు అతని భార్యను బెదిరించి గుట్టు రాబట్టుకొంటారు. ఓడిన సమ్సోను అష్కెలోనుకు వెళ్లి, ఆ పందెం సంగతే తెలియని 30 మందిని చంపి, వాళ్ల ఒంటిమీది బట్టలు తెచ్చి బాకీ తీరుస్తాడు. పందెం తప్పా ఒప్పా అని గ్రంథకర్త అక్కడ చెప్పడు. అయినా ఆడింది ఒకరు, చెల్లించింది మరొకరు అన్న సంగతి మాత్రం దాగదు.

చీట్ల విషయం వేరు. ప్రాయశ్చిత్త దినాన రెండు మేకల్లో దేనిని బలి ఇవ్వాలో చీట్లే తేల్చేవి. యెహోషువ గోత్రాలకు భూమి పంచింది చీట్లతోనే. ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను అపొస్తలునిగా ఎంచుకొన్నదీ చీటీతోనే. ఈ సందర్భాలను చూపి లాటరీని సమర్థించేవారున్నారు. కానీ వీటిలో ఎవరూ తమ సొమ్ము ఒడ్డలేదు, ఒకరి నష్టం మరొకరికి లాభమూ కాలేదు. మనుషులు తేల్చుకోలేని విషయాన్ని దేవుని తీర్పుకు వదిలిన పద్ధతి అది. సిలువ కింద సైనికులు యేసు కుట్టులేని అంగీ కోసం వేసిన చీట్లు మాత్రం మరో రకం. చనిపోతున్న మనిషి కళ్లెదుటే అతని బట్టలు పంచుకోవడం అది. చీటీ ఒకటే అయినా దాని వెనకున్న మనసు వేరు.

కాబట్టి వాదన నిలవాల్సింది అదృష్టం మీద కాదు, పొరుగువాని మీద. వ్యవసాయంలోనూ అనిశ్చితి ఉంది. వానను నమ్మి విత్తనం వేసే రైతుకు పంట చేతికొస్తుందన్న హామీ ఏముంది? అయితే పంట పండితే లోకంలో గింజలు పెరుగుతాయి. నిజాయితీగా సాగే వ్యాపారంలో కొన్నవాడికీ అమ్మినవాడికీ ఎంతో కొంత మేలు జరుగుతుంది. పందెంలో కొత్తగా పుట్టేది ఏదీ లేదు. గెలిచిన ప్రతి రూపాయీ ఎవరో పోగొట్టుకొన్నదే. అవసరంలో ఉన్నవారికి పంచిపెట్టడానికే చేతులతో కష్టపడమని పౌలు ఎఫెసీయులకు రాశాడు. ఆ మాటను నమ్మినవాడు ఎదుటివాడు ఓడాలని ఎలా ప్రార్థించగలడు?

సంఘం ఈ సంగతిని తొలినాళ్లలోనే పట్టించుకొంది. నాలుగో శతాబ్దపు ఆరంభంలో స్పెయిన్‌లోని ఎల్విరాలో సమావేశమైన బిషప్పులు డబ్బుకు పాచికలాడే విశ్వాసిని ప్రభు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానించారు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ మతగురువులకు పాచికలను నిషేధించింది. జాన్ వెస్లీ ధన వినియోగంపై 1760లో ప్రచురించిన ప్రసంగంలో, పొరుగువానిని తనవలె ప్రేమించేవాడు జూదంతో అతని ఆస్తిని హరించలేడని వాదించాడు. కతోలిక శ్రీసభ కొంత సడలింపు ఇస్తుంది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం 2413వ పేరాలో, అదృష్టపు ఆటలూ పందేలూ వాటంతటవే న్యాయవిరుద్ధం కావని ఉంది. ఒకరి బతుకుతెరువుకు, అతనిపై ఆధారపడినవారికి అవసరమైనది లాక్కొన్నప్పుడు అవి తప్పవుతాయి. జూద వ్యామోహం మనిషిని బానిసను చేసే ప్రమాదం ఉందని కూడా అక్కడే హెచ్చరిక ఉంది.

ఈ సడలింపు నలుగురు స్నేహితులు సరదాగా పైసలు పెట్టి పేకాడుకొనే చోట సరిపోవచ్చు. బెట్టింగ్ యాప్‌కు మాత్రం వర్తించదు. సమాన బలమున్న రెండు జట్ల మీద చెరొక వంద పడిందనుకొందాం. గెలిచినవాడికి యాప్ 190 ఇస్తుంది, పది తన దగ్గర ఉంచుకొంటుంది. అంటే పందెగాడు సగానికి సగం సరిగ్గా ఊహించినా నష్టపోతాడు. నష్టం లేకుండా బయటపడాలంటే వందకు దాదాపు 53 సార్లు గెలవాలి. ఒక మ్యాచ్‌కు ఒక పందెమైతే ఆ పది రూపాయలు నెమ్మదిగా పోతాయి. ఓవర్ ఓవర్‌కూ పందెం పెట్టనిచ్చే ఫోన్‌లో ఒక్క రాత్రిలోనే జీతం కరిగిపోతుంది. ఆ జీతంలో పిల్లల ఫీజుంది, ఇంటద్దె ఉంది, తల్లి మందులున్నాయి. అష్కెలోనువాసుల్లాగే వాళ్లకూ పందెం సంగతి తెలియదు.

విశ్వాసం, జూదం ఒకే వీధిలో ఎలా కాపురముంటాయో షిల్లాంగ్ చూపిస్తుంది. మేఘాలయ జనాభాలో 2011 లెక్కల ప్రకారం దాదాపు 75 శాతం క్రైస్తవులు. అక్కడి తీర్ ఆటలో ఖాసీ విలుకాండ్రు బాణాలు వేస్తారు. లక్ష్యానికి దిగిన బాణాల మొత్తంలో చివరి రెండంకెలే గెలుపు సంఖ్య. రాత్రి వచ్చిన కలను బట్టి సంఖ్య ఎంచుకొనేవారు చాలామంది. మొదటి విడతలో గెలిస్తే రూపాయికి 80 ఇవ్వడం వాడుక. సంఖ్యలేమో 00 నుంచి 99 వరకు వంద. ఆదివారం ఆట ఉండదు. 2021లో క్యాసినోలకు దారి తీసే చట్టం వచ్చినప్పుడు అక్కడి సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. 2022లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అది మెచ్చుకోదగిన పోరాటం. తీర్ మాత్రం మిగతా ఆరు రోజులూ సాగుతూనే ఉంది, ఆదివారం ఆరాధనకు వచ్చేవాడే సోమవారం టికెట్ కొనగలడు.

జూదం సొమ్ముతో సంఘమే కట్టడాలు లేపిన చరిత్రా ఉంది. ఫిలడెల్ఫియాలోని క్రైస్ట్ చర్చి శిఖరానికి 1750లలో లాటరీతో నిధులు సేకరించారు. నిర్వాహకుల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకరు. అమెరికాలో ఎన్నో కతోలిక చర్చిలు బింగోతో నిధులు కూడగట్టాయి. చర్చి పండుగలో హౌసీ ఆటను క్రికెట్ బెట్టింగ్‌తో సమానం చేయడం అన్యాయమే. కానీ కానుక పెట్టెలో వేయనివాడి చేత టికెట్ కొనిపించి తీసుకొనే డబ్బు కూడా ఇచ్చేవాడికి ప్రేమను నేర్పదు, ఆశను నేర్పుతుంది. దాన్ని మానేసిన సంఘానికే బెట్టింగ్ గురించి మాట్లాడే గొంతు ఉంటుంది.

చట్టం అడిగే ప్రశ్న మరొకటి. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు 1967లోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని చెప్పింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, నిషేధిస్తూ చట్టం చేసింది. రేపు చట్టం మారి పందేనికి అనుమతి వచ్చినా ఓడినవాడి ఇంట్లో పొయ్యి మాట అలాగే ఉంటుంది. విశ్వాసి చూడాల్సింది ఆ పొయ్యినే.

ఎల్విరా తీర్మానానికి రెండో సగం ఉంది, దాన్ని తలచేవారు తక్కువ. పాచికలు మానేసిన మనిషిని ఏడాది గడిచాక తిరిగి ప్రభు బల్లకు చేర్చుకోవచ్చని ఆ బిషప్పులు రాశారు. అప్పుల్లో మునిగి ఇంట్లో చెప్పుకోలేక, ఆదివారం చివరి వరుసలో కూర్చొనే యువకుడికి ఈ రోజు కావలసింది ఆ రెండో సగమే. అతని మాట నలుగురిలో పొక్కకుండా వినే కాపరి, యాప్ తీసేసేదాకా ఫోన్ పక్కన కూర్చొనే స్నేహితుడు, అప్పులిచ్చినవాళ్లతో వాయిదాలు మాట్లాడిపెట్టే సంఘ పెద్ద అతనికి కావాలి.