ఎస్మాకు అత్యవసరం, జీతానికి స్వచ్ఛందమా?

పిల్లలే దేశానికి మానవ పెట్టుబడి అంటున్నారు పాలకులు. మరి ఆ పెట్టుబడిని తిండి పెట్టి, ఆడించి, బరువు తూచి పెంచుతున్నదెవరు? 1975 అక్టోబర్ 2న ఐ.సి.డి.ఎస్. మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ కార్యకర్తలూ ఆయాలూ. వాళ్లకిచ్చేది మాత్రం జీతం కాదు, ‘గౌరవ వేతనం’.

2021లో కేంద్రం పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చింది. కేంద్రం తెరవడం, పిల్లల హాజరు, ఎత్తు, బరువు, ఇళ్ల సందర్శన అన్నీ ఫోనులోకి ఎక్కాలి. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి తల్లి ముఖాన్ని కూడా ఫోను గుర్తుపట్టాలి. ఆధార్‌కు ముడిపెట్టిన నంబరు భర్త చేతిలో ఉంటే? ఆమె తెల్లవారకముందే మిరప కోతకు వెళ్లిపోతే? కడుపుతో ఉన్నప్పటి నుంచీ ఆమెను ఎరిగిన కార్యకర్త మాటకు విలువ లేదు, యంత్రం మాటకే విలువ.

అవకతవకలు అరికట్టవద్దా అంటారు. అరికట్టవలసిందే. కానీ ఈ నిఘా ఎప్పుడూ కిందివాళ్ల మీదేనా? సరుకు ఆలస్యమైతే, కేంద్రం అద్దె రాకపోతే ఏ అధికారి ముఖాన్ని ఏ యాప్ ఫొటో తీస్తోంది?

నగరాల్లో ప్లాట్‌ఫారం కంపెనీలు పనిచేసేవాళ్లను ‘భాగస్వాములు’ అంటాయి. ప్రభుత్వం ‘స్వచ్ఛంద సేవకులు’ అంటుంది. పేర్లు వేరు, కిటుకు ఒక్కటే: యజమాని పెత్తనం కావాలి, యజమాని బాధ్యత వద్దు. స్త్రీల శ్రమను సేవగా, మాతృత్వంగా చూసే పితృస్వామ్యం ఈ కిటుకును మరీ తేలిక చేసింది.

2023 డిసెంబర్ 12న రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయలిస్తున్న రోజులవి. వేతనం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని అడిగారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తేల్చింది. అప్పుడు ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయం ఇక్కడే, తాడేపల్లిలో ఉండేది. జవాబుగా 2024 జనవరి 6న వచ్చింది ఎస్మా. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతమడిగితే స్వచ్ఛంద సేవ! అయినా 42 రోజులు నిలబడ్డారు.

మనం యాప్‌ను ఇంకాస్త సులువు చేయమని అడిగి ఊరుకోవద్దు. కార్మికురాలి హోదా, కనీస వేతనం, ఫోను పనికి లెక్కగట్టిన గంటలు అడగాలి. ముఖం కలవలేదని ఏ తల్లికీ తిండి ఆపకూడదని అడగాలి. పని గంటలన్నీ లెక్కపెట్టగల యంత్రానికి, ఆ గంటలకు రావలసిన కూలి లెక్కగట్టడం చేతకాదా?