కార్డు మోసములు: నష్టమెవరిది?

రొంటిని రొక్కము దోపుకొని సంతకు బోవు దినములు చాలవరకు గడచినవి. రాజమహేంద్రవరము మెయిన్ రోడ్డునను, భీమవరము, అమలాపురము బజారులలోను అరచేత నిముడు కార్డు చూపినచో సరుకు చేతికి వచ్చుచున్నది. ఈ సౌకర్యమును మేము నిందింపము. ఆంధ్రులు దీనికి క్రొత్తవారును గారు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, దేశమున నీ మార్గము ద్రొక్కిన మొదటి బ్యాంకులలో నొకటియైనది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకున విలీనమయ్యెను గాని, అది నడచిన కాలిబాట నేడు రాజబాటయైనది. బాటసారులు పెరిగిన బాటపై దొంగలును పెరుగుదురు. అట్టి బాటపై దోపిడి జరిగినపుడు ఆ నష్టమెవరు భరింపవలెనన్నదే నేడు మనము విచారింపవలసిన విషయము.

ఈ దోపిడి రెండు తెరగులు. మొదటిది ఖాతాదారున కేమియు దెలియకుండ జరుగునది. పూర్వపు కార్డుల వెనుకనుండు అయస్కాంతపు పట్టీలోని వివరములను, ఏటీఎం మూతికి దగిలించిన చిన్న యంత్రముతో నకలు తీసి, మరుగున నుంచిన కెమేరాతో పిన్ను చూచి, మారుకార్డు చేసి సొమ్ము లాగుచుండిరి. 2016లో, లావాదేవీలు నడుపు సంస్థ యంత్రములలో దుష్టప్రోగ్రాము చొరబడుటచే, దేశమున సుమారు 32 లక్షల డెబిట్ కార్డులు ప్రమాదమున బడెను. 2018 ఆగష్టులో పూనాలోని కాస్మాస్ సహకార బ్యాంకునుండి 94 కోట్ల రూపాయలు పోయెను. అందధికభాగము నకలు కార్డులతో 28 దేశములలో తీయబడెను. ఇందు ఖాతాదారుడు చేసిన తప్పేమి?

రెండవ తెరగు, ఖాతాదారుని నోటనే రహస్యమును చెప్పించునది. పట్టీ కార్డులను 2018 డిసెంబరు 31లోగా చిప్పు కార్డులుగా మార్చవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. యంత్రము బలపడగా దొంగ మనుష్యునిపై బడినాడు. "మీ కార్డు నేటితో నిలిచిపోవును, కేవైసీ సరిచేయవలెను, మీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పుడు" అని మర్యాదగా పలుకును. ఝార్ఖండునందలి జామ్‌తాడా పేరు ఈ విద్యచేతనే దేశమంతట మ్రోగినది. వాని యాయుధములు రెండే: తొందర, భయము.

మరి నష్టమెవరిది? దీనికి రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి యుత్తరువున సమాధానము చెప్పినది. బ్యాంకు లోపమువలన సొమ్ము పోయినచో ఖాతాదారునికి బాధ్యత లేదు. తప్పు బ్యాంకుదిగాక ఖాతాదారునిదిగాక నడుమ నెచ్చటనో జరిగినపుడు, సమాచారమందిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినవాని నష్టము సున్న. నాలుగునుండి ఏడు దినముల వరకు జాగు చేసినచో, సాధారణపు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలకు మించకుండ వాని నష్టమునకు హద్దు. అటుపైని బ్యాంకు తన విధానము ననుసరించి నిర్ణయించును. పిన్ను, ఓటీపీ తానే చెప్పియున్నచో ఫిర్యాదు చేయువరకు కలిగిన నష్టమంతయు ఖాతాదారునిదే. ఫిర్యాదు చేసిన మరుక్షణము నుండి కలుగు నష్టము బ్యాంకుది. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. తప్పు ఖాతాదారునిదని రుజువు చేయు భారమును ఆ యుత్తరువు బ్యాంకుపైననే మోపినది.

పాఠకులు గమనింతురుగాక: ఈ నియమమంతయు కాలముపై నిలిచియున్నది. మనవారు పోగొట్టుకొనుచున్నదియు కాలమునే. సొమ్ము పోయెనని తెలిసినపిమ్మట గృహస్థుడు మొదట దానిని దాచును. చదువుకొన్నవాడవై యుండియు నెట్లు మోసపోతివని కొడుకు కోపపడునేమో, ఊరివారు నవ్వుదురేమో యని రెండు దినములు మ్రింగుకొని, మూడవనాడు తెలిసినవాని నడిగి, నాలుగవనాడు బ్యాంకు గడప ద్రొక్కును. ఆలోపున సొమ్ము నాలుగు ఖాతాలు మారి, ఏ దూరపు ఏటీఎంలోనో రొక్కమైపోవును. సిగ్గుపడవలసినవాడు దొంగ, సిగ్గు మాత్రము సొత్తు పోయినవానికి.

1953, 1986 వరదలను చూచిన ఈ సీమకు గండి యననేమో వేరుగ జెప్పవలెనా? గట్టునకు పీత బొక్క పడినపుడు అది యెవని చేని చెంతనని తగవులాడుచు కూర్చుండిన ఊరు మునుగును. మొదట మట్టి వేయవలెను, తగవు పిమ్మట. అట్లే సొమ్ము పోయిన గడియలోనే బ్యాంకునకు చెప్పి కార్డు నిలిపించి, 1930 అను అంకెకు ఫోను చేయవలెను. ఇది దేశమంతటికి నొక్కటే సంఖ్య. సొమ్ము ఇంకను చేరినచోటనే యుండిన దానిని నిలిపివేయుట కవకాశముండును. బ్యాంకున కిచ్చిన ఫిర్యాదునకు సంఖ్య పుచ్చుకొని తేదీతో వ్రాసికొనవలెను. ముప్పది దినములలో బ్యాంకు సమాధానము చెప్పకున్నను, చెప్పినది తృప్తికరము కాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు మొరపెట్టుకొనవచ్చును.

మన సీమకు ప్రత్యేకమైన యిబ్బంది మరియొకటి కలదు. కోనసీమనుండియు పశ్చిమగోదావరినుండియు వేలకొలది స్త్రీలు కువైటు మొదలగు దేశములలో ఇండ్ల పనిచేసి ఇంటికి సొమ్ము పంపుచున్నారు. అట్టి కూతురి పేరిటి కార్డు ముసలితల్లి చేతనున్నదనుకొనుడు. తల్లి ఏటీఎం వాడుక నెరుగదు. కార్డును పిన్నును ప్రక్కింటి కుర్రవాని కిచ్చును. నమ్మకముతో నిచ్చినను, నియమము దృష్టిలో అది రహస్యమును బయటపెట్టుటయే. సొమ్ము తీసినట్లు వచ్చు సందేశము పాత ఫోను సంఖ్యకు బోయిన, పోయిన సంగతియు వారికి దెలియదు. ఆమె రెండేండ్ల రెక్కల కష్టమునకు కావలి యేది?

అజాగ్రత్తకు మేమేల వెల యియ్యవలెనని బ్యాంకులవారు వాదింతురు. ఈ వాదమున కొంత న్యాయము లేకపోలేదు. ఓటీపీ నెవ్వరికిని చెప్పవలదని వారు పలుమారులు హెచ్చరించుచునే యున్నారు. కాని తెలుగు మాత్రమే చదువగలవానికి ఆంగ్లమున హెచ్చరిక పంపినచో అది హెచ్చరిక యగునా? అడుగకయే కార్డు చేతబెట్టి, దానిని మూయు తాళము చూపనివాడు అజాగ్రత్తను గూర్చి యుపన్యసింపదగునా? ఖాతాదారుడు వచ్చినతోడనే "ఓటీపీ నీవే చెప్పియుందువు" అని గుమాస్తా పంపివేయుట, రుజువు భారమును తలక్రిందులు చేయుటయే. ప్రతి శాఖయందును తెలుగున ఫిర్యాదు పుచ్చుకొని అప్పటికప్పుడు రసీదు నీయవలెనని మేము కోరుచున్నాము.

పురజనులు చేయదగిన పనియు కలదు. విదేశపు వాడుకను, ఇంటర్నెట్టు కొనుగోళ్లను ఖాతాదారుడే మూయుటకును తెరచుటకును, తీయుసొమ్మునకు హద్దు పెట్టుటకును 2020 అక్టోబరు 1 నుండి వీలు కల్పింపబడెను. ఇది తెలిసినవారు తెలియనివారి కార్డులకు నేడే చేయించి యియ్యవలెను. కార్డున్న ఖాతాలో నెల ఖర్చునకు జాలినంతయే యుంచి, మిగిలినదానిని కార్డులేని ఖాతాలో నుంచుట మేలు. ఫోను సంఖ్య మారినచో బ్యాంకునకు తెలుపవలెను. గ్రంథాలయములలోను పఠనమందిరములలోను 1930 అను అంకెను పెద్దయక్షరములతో గోడకు వ్రాయింపుడు. వారమున కొక సాయంకాలము, చదువరాని యిరుగుపొరుగులకు ఈ సంగతులు చదివి వినిపింపుడు.

మోసపోయినవానిని చూచి నవ్వువారు తెలియకయే దొంగకు కాపుగాయుచున్నారు. నవ్వు మాని, వాని వెంట బ్యాంకు గడప వరకు నడచువాడే పొరుగువాడు.