మార్కుల్లేని ఒక గంట

మొన్న మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ తిరిగింది. పైన పెద్ద అక్షరాల్లో "స్ట్రెస్ రిలీఫ్" అని ఉంది. కింద "పెయింటింగ్ పోటీ, మొదటి ముగ్గురికి బహుమతులు, పాల్గొన్న అందరికీ సర్టిఫికెట్లు" అని ఉంది. టెన్షన్ తగ్గించుకోడానికి పోటీ! నిద్ర పట్టట్లేదంటే పక్కన కూర్చుని డప్పు వాయించినట్టుంది. గ్రూపులో నవ్వే ఎమోజీ ఒకటి పెట్టి ఊరుకున్నాను గానీ, నిజానికి నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే పోయిన ఏడాది అలాంటి పోటీకి నేను వెళ్ళాను.

ఫస్ట్ ఇయర్ రెండో సెమ్‌లో నాకు ల్యాబ్ వైవా అంటే చేతులు వణికేవి. ప్రోగ్రాం నేనే రాసి ఉంటాను, రన్ కూడా అవుతుంది. అయినా "ఈ లూప్ ఎందుకు పెట్టావ్?" అని అడిగితే నోరు పెగిలేది కాదు. ముందు రోజు రాత్రి నిద్ర ఉండేది కాదు, పొద్దున మెస్‌లో ఇడ్లీ దిగేది కాదు. నాకు చిన్నప్పట్నుంచీ బొమ్మలు గీసే అలవాటుంది. అది తెలిసిన ఒక సీనియర్ "పోటీకి వెళ్ళరా, కాస్త రిలాక్స్ అవుతావ్" అన్నాడు. వెళ్ళాను. ఇరవై నిమిషాలయ్యాక పక్కవాళ్ళ షీట్ చూశాను. తర్వాత నా షీట్ చూసుకున్నాను. మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆర్నెల్లు బొమ్మ జోలికి పోలేదు. వైవా భయం చాలదన్నట్టు ఇంకో భయాన్ని వెంటబెట్టుకొచ్చాను.

అందుకే నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. బొమ్మలు, పాటలు, రాతలు, మట్టిపని మన ఆందోళనని కొంత తగ్గించగలవు. కానీ వాటికి కూడా మార్కులు వేయనంతవరకే.

ఇది నా సొంత గోల మాత్రమే కాదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజ కైమల్ అనే పరిశోధకురాలి బృందం ఒక స్టడీ ప్రచురించింది. 39 మందికి మట్టి, మార్కర్లు, కొలాజ్ కాగితాలు ఇచ్చి, 45 నిమిషాలపాటు ఏం కావాలంటే అది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. దాదాపు 75 శాతం మందిలో అది తగ్గింది. నాకు బాగా నచ్చింది దాని తర్వాతి ముక్క. వాళ్ళల్లో సగంమందికి బొమ్మలు వేసిన అనుభవం పెద్దగా లేదు. అయినా అనుభవం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఫలితంలో తేడా కనబడలేదు. చిన్న స్టడీనే, పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు కూడా లేదు. కాబట్టి దీన్ని వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు. కానీ అక్కడ ఎవరూ ర్యాంకులు ఇవ్వలేదన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

రాత సంగతికొస్తే, జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగం ఉంది. అందులో పాల్గొన్నది మనలాంటి కాలేజీ స్టూడెంట్సే. వరుసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, జీవితంలో బాగా బాధపెట్టిన విషయం గురించి రాయమన్నారు. ఇంకో గుంపుని ఏవో మామూలు విషయాలు రాయమన్నారు. బాధ గురించి రాసినవాళ్ళకి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగిందీ, దాని గురించి తమకి అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి తక్కువసార్లు వెళ్ళారు. ఈ పద్ధతిలో రాయించేటప్పుడు చెప్పే మాట ఒకటుంది: స్పెల్లింగు, గ్రామరు పట్టించుకోవద్దు.

ఆ మాట చదవగానే నాకు తెలుగు గుర్తొచ్చింది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్లో చాలామందిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. అంటే టెన్త్ తర్వాత తెలుగులో నాకెవరూ మార్కులు వేయలేదు. ల, ళ దగ్గర ఇప్పటికీ తడబడతాను, ఒత్తులు తప్పుతాయి. పోయిన సెమ్‌లో ఒక రాత్రి రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో "రేపు వైవా, భయంగా ఉంది" అని తెలుగులో మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. ఇంగ్లీష్‌లో రాసి ఉంటే అది రెజ్యూమె పక్కన పెట్టే లెటర్‌లా తయారయ్యేది. తెలుగులో మాత్రం "నాన్న ఫీజుకి అప్పు చేశాడు, నేను ఫెయిలైతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలి" అన్నది బయటపడింది. ఆ మాట నేను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. మర్నాడు వైవాలో చేతులు వణికాయి, అబద్ధం చెప్పను. కానీ నోరు పెగిలింది.

ఈ వ్యాసంలో తప్పులుంటే ఎడిటర్లు దిద్దండి, థాంక్స్ చెప్తాను. ఆ వెనక పేజీల్ని మాత్రం ఎవరూ దిద్దకూడదు.

మా అమ్మమ్మ వేసే ముగ్గు చూసినా నాకు ఇదే అనిపిస్తుంది. చుక్కలు పెట్టి, లెక్క తప్పకుండా గీత కలుపుతున్నప్పుడు పిలిచినా పలకదు. పది గంటలకల్లా బండ్లు తొక్కేస్తాయి. మర్నాడు ఊడ్చి, నీళ్ళు చల్లి మళ్ళీ వేస్తుంది. మనమేమో గీసిన బొమ్మ ఆరకముందే ఇన్‌స్టాలో పెట్టి లైకులు లెక్కపెట్టుకుంటాం. సంక్రాంతికి ముగ్గులకి కూడా పోటీలు పెట్టేశాం అనుకోండి, అది వేరే సంగతి.

"బొమ్మలేస్తే బ్యాక్‌లాగ్ క్లియరవుద్దా?" అని మా రూమ్మేట్ అడిగాడు. అవదు. అటెండెన్స్, ప్లేస్‌మెంట్ కటాఫ్, ఫీజు గడువు, ఇవేవీ రంగు పెన్సిళ్ళకి కరగవు. మన ఆందోళనకి నిజమైన కారణాలున్నాయి. భయం మన నెత్తినెక్కి కూర్చుంటే, దాన్ని దింపి కాసేపు పక్కన కూర్చోబెట్టడం వరకే కళ చేయగలిగేది. ఆ కాసేపట్లో చదువుకోవచ్చు, నిద్రపోవచ్చు, ఎవరితోనైనా మాట్లాడొచ్చు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఏ కాలేజీ అయినా ఏడాదికోసారి పెయింటింగ్ డే పెట్టేసి కౌన్సెలర్ అక్కర్లేదనుకుంటే మనం ఒప్పుకోకూడదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 100 మంది, అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో చెప్పింది. కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. రోజుల తరబడి నిద్రా తిండీ లేకపోయినా, బతకాలనిపించకపోయినా, అది క్రేయాన్లతో సరిపెట్టుకునే విషయం కాదు. టెలీ మానస్ నంబరు 14416. ఏ టైమ్‌లోనైనా ఫ్రీగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక మన సాహితీ క్లబ్‌కి నా ప్రతిపాదన. వారానికొక సాయంత్రం, ఒక ఖాళీ క్లాస్‌రూమ్, ఒక గంట. రాసేవాళ్ళు రాస్తారు, గీసేవాళ్ళు గీస్తారు, ఏదీ రానివాళ్ళు మట్టి పిసుకుతారు. రూల్స్ నాలుగే: జడ్జిలుండరు, ఫొటోలు తీయం, సర్టిఫికెట్లివ్వం, చూపించమని ఎవర్నీ అడగం. ఖర్చంటే ఒక కట్ట తెల్ల కాగితాలు, నాలుగు డబ్బాల క్రేయాన్లు, కాస్త బంకమట్టి. పోటీలు మానేయమని నేననట్లేదు. అవి ఫెస్ట్‌లో ఉండనివ్వండి. ఈ గంట మాత్రం వాటికి ఇవ్వొద్దు.

"సర్టిఫికెట్ లేకపోతే ఎవడొస్తాడ్రా?" అంటారు. మొదటి వారం నలుగురే రావచ్చు. ఆ నలుగురిలో ఒకరికి మర్నాడు వైవా ఉండొచ్చు. ఆ ఒక్కరి కోసమైనా రూమ్ తెరిచి పెడదాం. నేనైతే ఆ మడిచిన షీట్ పట్టుకుని వస్తాను. ఇంకా సగమే వేశాను.